నూకలు వేసిన సంగటి

పోయిన మార్గశిరంలో ఒక సాయంత్రం పూలు కొందామని మల్లేశ్వరం ఎనిమిదో క్రాసుకు వెళ్లి, పూల అంగడి దాకా చేరకుండానే ఆగిపోయాను. కాలిబాట మీద గోనెపట్టా పరుచుకుని ఒక ముసలామె అనపకాయలు, కన్నడిగులు అవరెకాయి అనే చిక్కుడు జాతి కాయలు, రాశిగా పోసి కూర్చుంది. ఆ వాసన ఎరుగనివారికి దాన్ని చెప్పడం కష్టం. పచ్చిగా, కొంచెం జిడ్డుగా, కొంచెం ఘాటుగా, తెల్లవారుజామున మంచుకు తడిసిన పొలంగట్టు మీద నిలబడినట్టుగా ఉంటుంది. కన్నడిగులు దానికి ప్రత్యేకంగా సొగడు అని పేరు పెట్టుకున్నారు. కాయ పట్టుకుంటే వేళ్లకు జిడ్డు అంటాలని, మంచు బాగా కురిసిన ఏడు ఆ జిడ్డు ఎక్కువగా ఉంటుందని చెబుతారు. తెలుగులో మా ఇంట్లో దానికి పేరేమీ ఉండేది కాదు. అమ్మ కాయను ముక్కు దగ్గర పెట్టుకుని "ఇది చలి తిన్న కాయ" అనేది, అంతే.

అమ్మ సంవత్సరీకం ఆ తరువాతి వారమే. పూల సంగతి మరచిపోయి రెండు కిలోల అనపకాయలు కొనుక్కుని ఇంటికి వచ్చాను.

*

మేము ఆ రోజుల్లో మత్తికెరెలో ఒక వఠారంలో ఉండేవాళ్లం. మదనపల్లె వైపు పల్లె వదిలి నాన్న ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చిన కాపురం మాది. ఐదు ఇళ్లకు కలిపి ఒక కుళాయి, ఒక బట్టలు ఉతికే బండ, నడుమ ఒక వేపచెట్టు. నాన్నకు జాలహళ్లిలోని హెచ్ఎంటిలో పని కనుక, మా ఇంటి పొయ్యి కర్మాగారం కూతను బట్టి వెలిగేది, కూతను బట్టి ఆరేది. గడియారాలు తయారుచేసే సంస్థలో పనిచేసే మనిషి ఇంట్లో వంట మాత్రం కూత విని సాగేదంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ గడియారాల సంస్థను మూసివేయాలని 2016లో కేంద్రప్రభుత్వం నిర్ణయించిందని పత్రికలో చదివినప్పుడు, కూత ఎప్పుడు ఆగిపోయిందో మాలో ఎవరమూ గమనించనేలేదన్న సంగతి గుర్తుకువచ్చింది.

పొద్దుటి షిఫ్టు ఉన్న రోజుల్లో నాన్న చీకటితోనే లేచి, రాత్రి మిగిల్చి పెట్టిన రాగిసంగటి ముద్దను మజ్జిగలో పిసికి, ఉప్పు వేసుకుని, ఒక పచ్చిమిరపకాయ, ఒక ఉల్లిపాయ నంజుకుంటూ చెంబెడు అంబలి తాగి బయలుదేరేవారు. ఇడ్లీ, దోసె మా ఇంట్లో ఆదివారం మాట. మధ్యాహ్నానికి అన్నం, రాత్రికి సంగటి. ఏ రోజు ఏం వండాలన్న ఆలోచన అమ్మకు ఉండేది కాదు. పొద్దున "సొప్పూ" అని సాగదీసి అరుస్తూ వచ్చే ఆకుకూరల మనిషి గంపలో ఏది ఉంటే అదే ఆ రాత్రి సంగటిలోకి పప్పయ్యేది.

*

నెలకు రెండుసార్లు రాగులు పిండి ఆడించుకుని రావడం నా పని. దానికి ముందు రెండు రోజుల తతంగం ఉండేది. రాగిగింజ ఆవగింజంత ఉంటుంది కనుక బియ్యంలో ఏరినట్టు రాళ్లు ఏరడం కుదరదు. అమ్మ గంపెడు రాగులను చేటలో చెరిగి, తరువాత నీళ్లలో గాలించి, పైకి తేలిన గింజలను చేయి తిప్పుతూ మరో గిన్నెలోకి వంచేది. అడుగున మిగిలిన ఇసుకను నాకు చూపించి "ఇదంతా నీ పొట్టలోకి పోవలసింది" అనేది. ఆ రాగులను వఠారం నడుమ చాప మీద ఆరబోసి, పిచ్చుకలను తోలడానికి నన్ను కూర్చోబెట్టేది. నా లెక్కల పుస్తకం సగం అక్కడే పూర్తయింది.

పిండిమరకు వెళ్లేటప్పుడు అమ్మ చెప్పే మాట ఒక్కటే: మిరపకాయలు ఆడించిన వెంటనే మన డబ్బా ఎత్తనివ్వకు. పిండిమర మనిషి నోటితో సరేనంటాడు గాని చేతితో ముందున్న డబ్బానే ఎత్తుతాడు. అందుచేత మా డబ్బా మీద చేయి వేసి, వరుసలో ముందున్నదెవరో, వాళ్ల డబ్బాలో ఏముందో కనిపెడుతూ నిలబడేదాన్ని. ముందున్నది మిరపకాయలైతే వెనక ఉన్న గోధుమల ఆమెను బతిమాలి ముందుకు పంపించేదాన్ని; ఆమె చపాతీలు ఘాటెక్కిన పాపం కొంత నాదే. పట్టా తిరిగే చప్పుడులో మాట వినిపించేది కాదు. తిరిగి వచ్చేటప్పుడు నెత్తి మీద డబ్బా, అందులోని పిండి వేడి గుడ్డచుట్ట దాటి మాడుకు తగిలేది. బెంగళూరు చలికాలపు సాయంత్రాల్లో ఆ వేడి కోసమే నేను దగ్గరిదారి వదిలి చుట్టూ తిరిగి ఇల్లు చేరేదాన్ని.

*

సంగటి కెలకడం వంటకంటే కుస్తీకి దగ్గరగా ఉండేది. సత్తు గిన్నెలో నూకలు మెత్తగా ఉడికి నీళ్లు తెర్లుతున్నప్పుడు అమ్మ రాగిపిండిని నడుమ గుట్టగా పోసి, తెడ్డు కాడతో ఆ గుట్టకు ఒక బెజ్జం పెట్టి, మంట తగ్గించి, మూత వేసి వదిలేసేది. ఆ సమయంలో ఆత్రపడి కలిపితే ఉండలు కట్టి సంగటి పాడవుతుంది. చేయి కట్టుకుని ఊరుకోవడమే అక్కడి విద్య. బెజ్జంలోంచి బుడుక్కుబుడుక్కుమంటూ ఆవిరి ఎగదన్నేది. పిండి పచ్చివాసన పోయి కమ్మటి వాసన మొదలుకాగానే అమ్మ గిన్నెను కిందికి దించి, గోనెసంచి ముక్క మీద పెట్టి, పీట మీద కూర్చుని, మసిగుడ్డ వేసిన గిన్నె అంచులను రెండు పాదాలతో అదిమిపట్టేది. గాజులు మోచేతి దాకా తోసుకుని, రెండు చేతులా తెడ్డు పట్టి, అడుగు నుంచి పైకి, పైనుంచి అడుగుకు ఆ ముద్దను తిరగేసి మరగేసి మెదిపేది. ఆ కొద్దిసేపూ ఎవరూ ఆమెతో మాట్లాడేవాళ్లం కాదు.

తరువాత చేయి చన్నీళ్లలో ముంచి, పొగలు కక్కే సంగటిని తడిపిన పళ్లెంలోకి తీసి, మూడు నాలుగు తిప్పుల్లో గుండ్రని ముద్ద చేసేది. పగులు లేకుండా, నున్నగా, దీపం వెలుగు పడితే మెరిసేటట్టుగా ఉండాలి ముద్ద. నాన్నకు పెద్దవి రెండు, అన్నకు ఒకటి, నాకు అందులో సగం. ఎవరి ముద్ద ఎంతో కొలత ఆమె అరచేతిలోనే ఉండేది. గిన్నె అడుగున అంటుకున్న మాడును గరిటెతో గీరి తాను తినేది. అది తనకు ఇష్టమని చెప్పేది, మేమూ నమ్మేవాళ్లం. దానికోసం ఒకసారి అన్న కొట్లాడితే సగం విరిచి ఇచ్చింది; నమిలి చూసి వాడు మరి ఎప్పుడూ అడగలేదు.

*

మా పక్కింటామె ఊరు మండ్య కనుక వఠారమంతా ఆమెను మండ్యక్క అనేది. ఆమెకూ అమ్మకూ మధ్య తీరని తగువు ఒకటుండేది. కన్నడిగుల ముద్దెలో రాగిపిండి, నీళ్లు తప్ప మరేమీ ఉండదు. మా సంగటిలో నూకలు పడాలి. "బియ్యం కలిపాక అది రాగి ఎలా అవుతుంది?" అని మండ్యక్క, "ఒట్టి పిండి ఉడకబెడితే గోడకు పోస్టరు అంటించుకోవచ్చు" అని అమ్మ. ఇద్దరూ రెండు భాషల్లో పోట్లాడుకుని, చివరికి ఆమె బస్సారు మా ఇంటికీ, మా ఊరిబిండి పచ్చడి ఆమె ఇంటికీ గిన్నె మార్చుకునేవారు. కాయధాన్యమూ ఆకుకూరా ఉడికించిన నీళ్లు పారబోయకుండా వంచి, వాటితోనే చారు కాచి, ఉడికిన ఆకుకు విడిగా తాళింపు పెట్టే బస్సారు విద్య అమ్మ ఆమె దగ్గరే నేర్చుకుంది. పొలాల్లో దొరికే రకరకాల ఆకుల కలగలుపును ఆమె బెరకె సొప్పు అంటే అమ్మ కలగూర అనేది.

రాగి గొప్పతనం మీద మండ్యక్క దగ్గర సామెతలకు కొదవ లేదు. రాగిపిండి తిన్నవాడు కొండను పెకలించి పెట్టాడని ఒకటి తరచు అనేది. బియ్యమూ రాగీ ఎవరు గొప్పని తగువు పడి రాముడి దగ్గరికి వెళితే, ఆయన రెండింటినీ ఆరు నెలలు కొట్టులో పెట్టించాడనీ, తీసి చూస్తే బియ్యం చెడిపోయి రాగి చెక్కుచెదరకుండా ఉందనీ కథ చెప్పేది. ఆ కథను కన్నడ భక్తకవి కనకదాసు కావ్యంగా రాశాడని నేను చాలా ఏళ్లకు తెలుసుకున్నాను. కథ మాట ఎలా ఉన్నా, రాగులు ఏళ్ల తరబడి పురుగు పట్టకుండా నిలుస్తాయన్నది మా అటక మీది కుండే రుజువు చేసేది. ఆమె పుట్టింటివారు ఇండాఫ్ రాగులు పండించేవారు. మండ్య దగ్గరి వి.సి. ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో లక్ష్మణయ్య అనే శాస్త్రవేత్త మన రాగులను ఆఫ్రికా రాగులతో సంకరం చేసి తీసిన రకాలవి. ఆయనను రైతులు రాగి లక్ష్మణయ్య అనే పిలుచుకున్నారు. రాగి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తుభూములు కనుక, వేల ఏళ్ల కిందట విడిపోయిన అన్నదమ్ములను ఆయన మళ్లీ ఒక పొలంలో కలిపాడన్నమాట. మండ్యక్కకు ఈ చరిత్ర పట్టేది కాదు. తమ ఊరి పక్క మనిషి కనుక ఆయన తమవాడు, అంతే.

*

అనపకాయల కాలం వస్తే మాత్రం ఇద్దరి మధ్యా తగువు ఉండేది కాదు. మాగడి వైపు నుంచి బస్తాలు దిగినప్పుడు అమ్మా మండ్యక్కా కలిసి యశ్వంతపురం వెళ్లి ఒక బస్తా కొని పంచుకునేవారు. చీకటి పడ్డాక వఠారంలో పాత పత్రికలు పరిచి అందరూ చుట్టూ కూర్చునేవారు. కాయ నడుముకు బొటనవేలు గుచ్చి చీలిస్తే గింజలు టపటపా రాలేవి. అప్పుడప్పుడు గింజకు బదులు లావుపాటి పచ్చపురుగు ఒకటి తల ఎత్తి చూసేది. ఆడపిల్లలం అరిచేవాళ్లం. మగపిల్లలు దాన్ని కాగితం మీద పరుగు పందేనికి దింపేవారు.

ఆ రాత్రికి గింజలను నానబెట్టి, మరునాడు ఒక్కొక్క గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే, తొక్క చేతిలో ఉండిపోయి లోపలి పప్పు ఎగిరి గిన్నెలో పడేది. అదే పితికిపప్పు. సరిగా గురి చూడకపోతే ఎదుటివారి ముఖాన పడేది. గురి చూసి మరీ ముఖాన కొట్టినవాళ్లూ ఉన్నారు. కొబ్బరి, ధనియాలు, వెల్లుల్లి నూరి కాచిన పితికిపప్పు చారులో సంగటి ముద్ద తుంచి ముంచుకుంటే, మరో కూర పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. రెండు నెలలు వఠారంలో అందరి వేళ్లూ ఒకే వాసన వేసేవి. బడిలో మా కన్నడ టీచరు నా నోటుపుస్తకం తీసుకుని ఒకసారి వాసన చూసి, రాత్రి మీ ఇంట్లో అవరెకాయి ఒలిచారా అని అడిగి నవ్వింది. ఆమె వేళ్లూ అలాగే ఉండి ఉంటాయి.

ఇప్పుడు విశ్వేశ్వరపురం సజ్జన్‌రావు సర్కిల్ దగ్గర ఒలిచిన పప్పే దొరుకుతుంది. అవరె దోసె, అవరె జిలేబి కూడా చేసి అమ్ముతున్నారు. జిలేబి మాట నేను ఎత్తను.

*

సంగటిని నమలకూడదు. తుంచి, చారులో దొర్లించి, నాలుక మీద పెట్టి మింగేయాలి. ఈ చిన్న సంగతి చెప్పకపోవడం వల్ల ఒకసారి ఇంట్లో ఇబ్బంది అయింది. గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చి చేరిన నాన్న స్నేహితుడొకాయన మా ఇంటికి భోజనానికి వచ్చి, మీరు తినేదే పెట్టండి వదినగారూ అని పట్టుబట్టాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మర్యాదగా నమలడం మొదలుపెట్టాడు. నమిలిన కొద్దీ అది పళ్లకు పట్టుకుంది. మాట్లాడలేడు, మింగలేడు. అమ్మ తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. నాన్న తాపీగా "నమలకండి, నమ్మి మింగండి" అన్నారు. ఆయన తరువాత చాలాసార్లు వచ్చాడు, మింగడం నేర్చుకున్నాడు గాని, ప్రతిసారీ ముందు గ్లాసు నిండా నీళ్లు ఉన్నాయో లేదో చూసుకునేవాడు.

*

ఆరోగ్యం అనే మాట అమ్మ నోట నేను దాదాపు వినలేదు. ఆమె మాటలు వేడి, చలవ, వాయువు, అరుగుదల. దగ్గు వస్తే కుండీలోని వామాకు వెచ్చజేసి పిండిన రసంలో తేనె. మండ్యక్క దాన్నే దొడ్డపత్రె అని పెరుగులో నూరి తంబుళి చేసేది. జలుబుకు మిరియాల చారు. జ్వరం వస్తే లంఖణం పరమౌషధం అని ఒక పూట ఎండబెట్టి, రెండో పూట గంజి. వేసవి సెలవుల్లో ఒక తెల్లవారుజామున ఆముదం పట్టే కార్యక్రమం ఉండేది. ఆ రోజు ఏదో అన్నకూ నాకూ ముందురోజు రాత్రి అమ్మ మాట మెత్తబడడాన్ని బట్టి తెలిసిపోయేది. ఆ ఆముదం ఎవరికి ఏం మేలు చేసిందో నాకు అనుమానమే. రాగులు నానబోసి, గుడ్డలో మూటగట్టి, మొలకెత్తాక ఎండబెట్టి వేయించి విసిరిన పిండిని అన్న కొడుక్కి జావగా పట్టించింది మాత్రం నిజంగా విద్యే. మొలకెత్తిన గింజలో పిండిపదార్థం కొంత విరిగి జావ పలచబడుతుంది కనుక, చంటివాడు తాగగలిగే చిన్న గిన్నెలో పిండి ఎక్కువ పడుతుందని ఒక పిల్లల వైద్యురాలు తరువాత నాకు వివరించింది. అమ్మ చెప్పిన కారణం, మొలకల పిండి గొంతులో జారుతుందని. రెండూ ఒకటే.

*

అన్నకు ఉద్యోగం వచ్చాక ఇంట్లోకి గ్యాసు పొయ్యి, కుక్కరు వచ్చాయి. కర్మాగారం కూత పోయి కుక్కరు కూత మొదలైంది. సొసైటీ బియ్యం బదులు సన్నబియ్యం మూటలుగా దిగాయి. సంగటి మొదట వారానికి మూడు రాత్రులకు, తరువాత అనపకాయల కాలానికి మాత్రమే పరిమితమైంది. అందులో నా పాపమూ ఉంది. కాలేజీలో స్నేహితురాళ్లు ఇంటికి వస్తే నల్లటి ముద్దలు కంటపడకుండా గిన్నె మీద గంప బోర్లించమని అమ్మకు చెప్పింది నేనే. అమ్మ ఏమీ అనలేదు. గంప బోర్లించి, పైన ఒక తుండుగుడ్డ కూడా కప్పింది. ఆ గుడ్డ చూసినప్పుడు నాకు ఎంత చిన్నతనం అనిపించిందో, ఆ మాట ఆమెకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

నాన్నకు చక్కెర ఉన్నట్టు తెలిసినది ఆ తరువాత కొన్నేళ్లకు. డాక్టరు అన్నం తగ్గించమని, రాత్రికి చపాతీ తినమని చెప్పాడు. పది రోజులు చపాతీలు తిన్నాక నాన్న, అట్ట నమిలినట్టుంది అన్నారు. అమ్మ మరునాడే అటక మీద నుంచి సత్తు గిన్నె దించింది. నాన్న సంబరంగా పూర్వంలాగే రెండు ముద్దలు అడిగారు. అమ్మ పెట్టింది కూడా. కాని నెల తిరిగేసరికి ఆ ముద్దలు ఎప్పటివి కావని వంటింట్లో ఉన్న నాకు తెలిసింది. రోజుకు ఉసిరికాయంత తగ్గిస్తూ, పక్కన కూర అంతకంత పెంచుతూ వచ్చింది. నాన్న కంచంలో లెక్క రెండే. ఆ రెండూ కలిపితే పాత ముద్ద ఒకటి. నేను చూశానని ఆమెకు తెలిసింది. తెడ్డు కడుగుతూ నా వైపు ఒకసారి చూసి ఊరుకుంది.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి, రాగి తింటే చక్కెర జబ్బు దగ్గరికి రాదని అంగళ్లలో అట్టలు వేలాడదీస్తున్నారు. రాగిలో సున్నం, అంటే కాల్షియం, గొప్పగా ఉన్న మాట నిజం. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములుంటే, బియ్యంలో పది అటూ ఇటూ. కాని పిండిపదార్థం రాగిలోనూ వందకు 70 గ్రాముల దాకా ఉంటుంది. ఎంత తింటున్నామన్నది చూడకుండా రాగి బిస్కెట్టు పొట్లం ఖాళీ చేసేవారికి రాగి చేసే మేలేమిటో నాకు అర్థం కాదు. నాన్నకు మేలు చేసింది రాగి ఒక్కటే కాదు, అమ్మ చేతి కొలత కూడా.

*

చివరి ఏళ్లలో అమ్మ స్నానాలగదిలో జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక కూడా తెడ్డు పట్టే బలం రాలేదు. అప్పుడు కెలకడానికి నాన్న కూర్చున్నారు. పంచె ఎగగట్టి, గిన్నెను పాదాల మధ్య ఇరికించుకుని, ఫిట్టరు చేతులతో తెడ్డు తిప్పుతుంటే, అమ్మ కుర్చీలో కూర్చుని "అడుగు నుంచి, అడుగు నుంచి తిప్పండి" అని అదిలించేది. ముద్దలు కూడా ఆయనే చేసేవారు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయ్యేవి. పెద్దది అమ్మ కంచంలో పడేది, ఆమె వద్దన్నా సరే. మాడు ఆయన తినేవారు. ఒకరోజు నేను ఉండబట్టలేక పాత ముద్దల సంగతి ఆయనకు చెప్పాను. ఆయన కొంతసేపు ఊరుకుని, "తెలుసు. మీ అమ్మ చేయి చిన్నదవుతోందేమో అనుకుని ఊరుకున్నాను" అన్నారు.

*

ఆ సాయంత్రం కొన్న రెండు కిలోల కాయలు ఒక్కదాన్నే ఒలిచాను. మా అమ్మాయి రెండు కాయలు చీల్చి, పురుగు కనబడగానే చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. పితికిపప్పు చారు బాగానే కుదిరింది. సంగటి దగ్గరే నా పని అయిపోయింది. పిండి వేశాక చేయి ఆగలేదు, కెలికాను. గచ్చు మీద గిన్నె జారిపోయింది, ముద్ద నిండా ఉండలు. ఉండబట్టలేక నెలమంగలలో కొడుకు ఇంట్లో ఉంటున్న మండ్యక్కకు ఫోన్ చేశాను. ఎనభై దాటిన మనిషి, గొంతు మాత్రం వఠారంలో పిలిచినట్టే ఉంది.

"పిండి వేశాక కెలికావా?" అంది.

కెలికానన్నాను.

"మీ అమ్మ ఉంటే తెడ్డుతో ఒకటి వేసేది. నూకలు వేశావా?"

వేశానన్నాను.

"మరి నన్నెందుకు అడుగుతావు, అది ముద్దె కాదుగా" అని కాసేపు నవ్వి, "అవరెకాయిలో సొగడుందా?" అని అడిగింది.

ఉందన్నాను.

"ఆ చారు ఒక గిన్నె పంపించు. ముద్దె నేను చేసుకుంటాను."